వడ్రంగి కొడుకు గడియారం మొదలుపెట్టాడు

ఎపిసోడ్ వినడానికి టైం దొరకనివాళ్ల కోసం, నైట్ డ్యూటీలో ఉన్నవాళ్ల కోసం ఎప్పటిలాగే ఈ వారం మాట్లాడింది రాసి పెడుతున్నా. నోటితో చెప్పేటప్పుడు తొందరలో వదిలేసిన లెక్కలు కూడా ఇందులో కలిపాను. కాస్త నెమ్మదిగా చదవండి.

ఈసారి కథ ఇంగ్లండ్‌ది, మూడు వందల ఏళ్ల కిందటిది. ఇరవై ఏళ్ల వడ్రంగి కొడుకు ఒకడు, గడియారాల షాపులో ఒక్కరోజు కూడా పని నేర్చుకోకుండా, సొంతంగా గడియారం చేశాడు. పేరు జాన్ హారిసన్. ఆయన గురించి చెప్పేవాళ్లు మామూలుగా చివరి నుంచి మొదలుపెడతారు. నడి సముద్రంలో ఓడ ఎక్కడ ఉందో తెలిపే గడియారం చేశాడనీ, గొప్పవాడయ్యాడనీ అంటారు. అది నిజమే. కానీ నాకు ఆ మొదటి గడియారం ముఖ్యం. ఎందుకంటే మనలో చాలామందికి పని చేతికి వచ్చు, ఆ పని వెనక ఉన్న లెక్క మాత్రం కాగితం మీద లేదు. హారిసన్ కూడా సరిగ్గా అక్కడే మొదలయ్యాడు.

ఎరువు తెచ్చుకున్న నోట్సు

హారిసన్ 1693లో యార్క్‌షైర్‌లో ఫౌల్బీ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి హెన్రీ వడ్రంగి. పిల్లాడి చిన్నతనంలోనే కుటుంబం హంబర్ నది ఒడ్డున, లింకన్‌షైర్‌లోని బారో అనే పల్లెకి మారింది. హారిసన్ తండ్రి దగ్గరే చెక్క పని నేర్చాడు. పెద్ద చదువు ఏమీ లేదు.

1712 ప్రాంతంలో ఆ ఊరికి వచ్చిపోయే ఒక పాదిరీ ఈ కుర్రాడి ఆసక్తి చూసి ఒక రాతప్రతి చదువుకోమని ఇచ్చాడు. కేంబ్రిడ్జ్‌లో నికొలస్ సాండర్సన్ అనే ప్రొఫెసర్ చెప్పిన పాఠాల నోట్సు అది. బరువులు, కప్పీలు, కదలికలు, యంత్రాలు ఎలా పని చేస్తాయి అన్న సంగతులు అందులో ఉన్నాయి. ఈ సాండర్సన్‌కి పసివయసులోనే మశూచి వచ్చి రెండు కళ్లూ పోయాయి. చూపు లేని ఆ మనిషి లెక్కల్లో కేంబ్రిడ్జ్‌లోనే పెద్ద కుర్చీ ఎక్కాడు. అంతకుముందు న్యూటన్ కూర్చున్న కుర్చీ అది.

పుస్తకం తిరిగి ఇచ్చేయాలి, జిరాక్సు లేని కాలం. హారిసన్ ఏం చేశాడంటే, మొత్తం నోట్సుని సొంత చేత్తో తిరిగి రాసుకున్నాడు. బొమ్మలన్నీ గీసుకున్నాడు. అర్థమైన చోట పక్కన తన మాటల్లో రాసుకున్నాడు. ఆ తర్వాత ఏళ్లలో కూడా దాన్ని తీసి కొత్త సంగతులు చేరుస్తూనే ఉన్నాడు.

నేను ఐటీఐ ఫిట్టర్‌ని. మొదటి నెలలన్నీ ఆకురాయి పట్టుకుని ఇనుప ముక్కని చదును చేయడం, ట్రై స్క్వేర్ పెట్టి వెలుతురు కనిపిస్తుందా లేదా అని చూడటం, ఇంతే. దాంతో పాటు ప్రతి జాబ్‌కి రికార్డు బుక్కులో డ్రాయింగ్ గీయాలి. ఆ గీతలు ఎందుకో అప్పుడు ఎవరికీ పట్టదు. ఒకసారి మీ చేత్తో గీసిన వస్తువు మీ తలలో ఉండిపోతుంది, అందుకే అవి. హారిసన్‌కి ఆ రాతప్రతే ఐటీఐ.

గడియారం చేయాలంటే ముందు ఏం తేల్చుకోవాలి

కొత్తగా గడియారం మొదలుపెట్టేవాడు ముందు ఉలి పట్టుకోకూడదు, పెన్సిల్ పట్టుకోవాలి. నాలుగు సంగతులు తేల్చుకోవాలి.

మొదటిది బలం. గడియారాన్ని నడిపేది ఏది? ఆ కాలపు నిలువు గడియారాల్లో తాడుకి కట్టిన బరువు. అది మెల్లగా కిందికి దిగుతూ చక్రాన్ని తిప్పుతుంది.

రెండోది పళ్ల చక్రాల వరస. పెద్ద చక్రం చిన్న చక్రాన్ని తిప్పితే చిన్నది వేగంగా తిరుగుతుంది. ఇక్కడ లెక్క ఉంది. నిమిషాల ముల్లు ఉన్న చక్రం గంటకి ఒక్క చుట్టు తిరగాలి, సెకన్ల ముల్లు ఉన్న చక్రం నిమిషానికి ఒక్క చుట్టు తిరగాలి. అంటే రెంటి మధ్య 60 రెట్లు తేడా. ఒకే జతతో 60 రెట్లు తేవాలంటే 8 పళ్ల చిన్న చక్రానికి 480 పళ్ల పెద్ద చక్రం కావాలి. అది ఇంట్లో పట్టదు. అందుకని రెండు జతలుగా విడగొడతారు. ఉదాహరణకి 64 పళ్ల చక్రం 8 పళ్లదాన్ని తిప్పితే 8 రెట్లు, 60 పళ్లది ఇంకో 8 పళ్లదాన్ని తిప్పితే ఏడున్నర రెట్లు. 8ని ఏడున్నరతో గుణిస్తే 60. అంతే, లెక్క కుదిరింది.

మూడోది ఆపి వదిలే ఏర్పాటు. బరువుని ఊరికే వదిలేస్తే నిమిషంలో దబ్బున కింద పడుతుంది. అందుకని చివరి చక్రం పళ్లకి ఒక కొక్కెం అడ్డం పడుతూ ఉంటుంది. ఒక్కో పన్నుని పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకుంటుంది. మనకి వినపడే టిక్ టిక్ అదే.

నాలుగోది లోలకం. ఆ కొక్కానికి ఎప్పుడు వదలాలో చెప్పేది ఇదే. ఒక వైపు ఊపుకి సరిగ్గా ఒక సెకను పట్టాలంటే లోలకం పొడవు సుమారు 99.4 సెంటీమీటర్లు ఉండాలి. అర సెకను కావాలంటే పొడవు సగం చేస్తే సరిపోదు, నాలుగో వంతుకి తేవాలి, అంటే సుమారు 25 సెంటీమీటర్లు. గోడ నిలువు చూసే గుండుని దారంతో వేలాడదీసి ఊపి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. రూంలోనే తేలిపోతుంది.

కొయ్య చక్రాలు

గడియారాల వాళ్లు చక్రాలు ఇత్తడితో చేసేవాళ్లు. హారిసన్‌కి వచ్చింది చెక్క. అందుకని లోపలి యంత్రం దాదాపు మొత్తం కొయ్యతోనే చేశాడు. చక్రాలకి ఓక్ కలప, ఇరుసులకి గట్టి బాక్స్‌వుడ్ వాడాడు. 1713లో మొదటి గడియారం పూర్తయింది. 1715లో ఒకటి, 1717లో ఇంకొకటి చేశాడు. ఈ మూడూ ఇప్పటికీ ఉన్నాయి.

కొయ్యతో పళ్ల చక్రం అంటే వడ్రంగం తెలిసినవాళ్లు నవ్వుతారు. ఎందుకంటే చెక్కకి నార ఉంటుంది. ఒకే పలక నుంచి గుండ్రంగా కోసి పళ్లు పెడితే, కొన్ని పళ్లలో నార నిలువుగా, కొన్నింటిలో అడ్డంగా వస్తుంది. అడ్డ నార పన్ను బిస్కెట్ ముక్కలా విరిగిపోతుంది. హారిసన్ ఆ చక్కు తప్పించాడు. చక్రం అంచున గాడి తీసి, పళ్లని విడిగా ముక్కలుగా చేసి అందులో బిగించాడు. ప్రతి పన్నులోనూ నార చక్రం మధ్య నుంచి బయటికి పోయేలా పెట్టాడు. ఈ తెలివి కేంబ్రిడ్జ్ నోట్సులోది కాదు, నాన్న దగ్గర నేర్చిన చెక్క పనిలోది. లెక్క పుస్తకం నుంచి, కలప జ్ఞానం చేతి నుంచి వచ్చాయి. రెండూ ఒకే మనిషిలో కలవడం వల్ల ఆ గడియారం నడిచింది.

1722 నాటికి బ్రాక్లెస్బీ పార్క్ అనే ఎస్టేట్‌లో సర్ చార్లెస్ పెల్హామ్ కోసం ఒక గోపుర గడియారం కట్టాడు. ఆ రోజుల్లో గడియారాల నూనె అంటే జంతువుల కొవ్వో, గింజల నూనెయో. చలికి గడ్డకట్టేది, పాతబడితే జిగురయ్యేది. గడియారాలు ఆగడానికి పెద్ద కారణం అదే. హారిసన్ ఆలోచన ఏంటంటే, నూనె అవసరమే లేకుండా చేయాలి. లిగ్నమ్ వైటే అనే వేడి దేశాల కలప ఉంది. చాలా గట్టిది, అందులో సహజంగానే నూనె లాంటి జిడ్డు ఉంటుంది. రాపిడి పడే చోటల్లా ఆ కలప పెట్టాడు. బ్రాక్లెస్బీ గడియారం మూడు వందల ఏళ్ల తర్వాత కూడా నడుస్తోంది.

ఎండకి ఇనుము సాగితే

మనకి ఎక్స్‌పాన్షన్ జాయింట్ ఎందుకు వదులుతారో తెలుసు. గల్ఫ్ ఎండకి స్టీలు, కాంక్రీటు సాగుతాయి, ఖాళీ వదలకపోతే పగుళ్లు వస్తాయి. లోలకం కడ్డీకి కూడా ఇదే బాధ. స్టీలు కడ్డీ ఎండాకాలం కొంచెం పొడవు పెరుగుతుంది, ఊపు నెమ్మదిస్తుంది, గడియారం వెనకబడుతుంది. ఎంత అంటారా? ఒక్క డిగ్రీ వేడి పెరిగితే రోజుకి సుమారు అర సెకను. పది డిగ్రీలు పెరిగితే రోజుకి 5 సెకన్లు. నెల తిరిగేసరికి రెండున్నర నిమిషాలు.

హారిసన్, ఆయన తమ్ముడు జేమ్స్ కలిసి దీనికి మందు కనిపెట్టారు. ఒకే వేడికి ఇత్తడి స్టీలు కంటే ఎక్కువ సాగుతుంది, సుమారుగా స్టీలు రెండు పాళ్లు సాగితే ఇత్తడి మూడు పాళ్లు. అందుకని కడ్డీలని కిటికీ గ్రిల్లులా పక్కపక్కన బిగించారు. స్టీలు కడ్డీలు సాగితే గుండు కిందికి దిగుతుంది, ఇత్తడి కడ్డీలు సాగితే గుండు పైకి లేస్తుంది. పొడవులు లెక్కగా పెడితే దిగింది, లేచింది చెల్లుకి చెల్లు. ఎండొచ్చినా, చలొచ్చినా గుండు ఉన్నచోటే ఉంటుంది.

మరి గడియారం కరెక్టుగా ఉందని చూసేది ఎలా? ఊళ్లో దానికంటే మంచి గడియారం లేదు. ఆయన నక్షత్రాలని పట్టుకున్నాడు. రాత్రి తన కిటికీ అంచు నుంచి చూస్తే, ఒక నక్షత్రం పక్కింటి పొగగొట్టం వెనక్కి మాయమయ్యే క్షణాన్ని గమనించేవాడు. ఏ నక్షత్రమైనా ప్రతి రాత్రీ ముందు రాత్రి కంటే 3 నిమిషాల 56 సెకన్లు ముందే అదే చోటికి వస్తుంది. గడియారం ఆ లెక్కతో కలిస్తే సరి, కలవకపోతే ఎంత తేడానో రాసుకోవడం. ఇలా చూసుకుంటూ నెలకి ఒక్క సెకను తేడా వచ్చే స్థాయికి గడియారాన్ని తెచ్చామని అన్నదమ్ములు చెప్పారు. అప్పటి మంచి గడియారాలు కూడా రోజులోనే అంత తేడా చూపించేవి.

టైం తేడా అంటే దూరమే

ఇప్పుడు సముద్రం సంగతి. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది, అంటే గంటకి 15 డిగ్రీలు. మన ఇండియా టైం 82.5 డిగ్రీల గీత మీద పెట్టారు, ఆ గీత మన కాకినాడకి దగ్గరగా పోతుంది. ఖతార్, కువైట్, సౌదీ టైంకి లెక్క 45 డిగ్రీల గీత. తేడా 37.5 డిగ్రీలు. 15తో భాగించండి, రెండున్నర గంటలు. ఇంటికి ఫోన్ చేసే ముందు మనం రోజూ వేసుకునే లెక్క ఇదే. దీన్ని తిరగేస్తే, టైం తేడా తెలిస్తే తూర్పు పడమరల్లో ఎంత దూరంలో ఉన్నామో తెలుస్తుంది.

ఓడ వాళ్లకి ఉత్తర దక్షిణాలు సూర్యుడి ఎత్తు చూసి తెలిసేవి. తూర్పు పడమరలు తెలియాలంటే, బయలుదేరిన ఊరి టైం చూపించే గడియారం ఓడలో ఉండాలి. ఊగే ఓడలో లోలకం పనిచేయదు. అందుకని అందాజుగా పోయేవాళ్లు. 1707 అక్టోబర్‌లో ఇంగ్లండ్ యుద్ధ నౌకలు దారి లెక్క తప్పి సిల్లీ దీవుల రాళ్లకి కొట్టుకున్నాయి. నాలుగు ఓడలు మునిగాయి, వెయ్యిమందికి పైగా చచ్చిపోయారు. 1714లో పార్లమెంటు చట్టం చేసింది. వెస్టిండీస్ దాకా వెళ్లేసరికి అర డిగ్రీ లోపు తేడాతో చోటు చెప్పే పద్ధతి చూపినవాళ్లకి 20,000 పౌండ్లు. అర డిగ్రీ అంటే టైంలో 2 నిమిషాలు. ఆరు వారాల ప్రయాణానికి పంచితే రోజుకి 3 సెకన్లకి మించి తేడా రాకూడదు.

ఈ కబురు బారో పల్లె దాకా చేరింది. 1730లో హారిసన్ డ్రాయింగులు పట్టుకుని లండన్ వెళ్లాడు. ఖగోళ శాస్త్రవేత్త ఎడ్మండ్ హ్యాలీ ఆయన్ని జార్జ్ గ్రాహం అనే పెద్ద గడియారాల మేస్త్రి దగ్గరికి పంపాడు. పొద్దున పదింటికి మొదలైన మాటలు రాత్రి ఎనిమిదింటి దాకా సాగాయి. చివరికి గ్రాహం ఆ పల్లె వడ్రంగికి పని మొదలుపెట్టడానికి డబ్బు అప్పిచ్చాడు.

1735కి సముద్రపు గడియారం తయారైంది. దాన్ని ఇప్పుడు హెచ్‌1 అంటారు. బరువు సుమారు 34 కిలోలు. 1736లో లిస్బన్ దాకా ఓడలో తీసుకెళ్లారు. తిరుగు ప్రయాణంలో నేల కనిపించింది. ఓడ నడిపేవాళ్లు ఒక చోటు అనుకున్నారు, హారిసన్ కాదు, ఇది లిజర్డ్ కొన అన్నాడు. తేడా సుమారు 60 మైళ్లు. హారిసన్ చెప్పిందే నిజమైంది.

బోర్డు ముందు నిలబడి బహుమతి అడగాల్సిన సమయం అది. ఆయన మాత్రం ఇందులో లోపాలు ఉన్నాయి, ఇంకొకటి చేస్తాను, ఖర్చు ఇవ్వండి అన్నాడు. రెండోది చేశాక అందులోనూ లోపం తనే పట్టుకుని పక్కన పెట్టాడు. మూడోదానికి 19 ఏళ్లు పట్టింది. చివరికి 1759లో నాలుగోది, హెచ్‌4, పూర్తయింది. అది 13 సెంటీమీటర్ల వెడల్పున్న, కిలోన్నర కూడా లేని పెద్ద జేబు గడియారం లాంటిది. అప్పటికి ఆయనకి 66 ఏళ్లు. 1761లో కొడుకు విలియం దాన్ని జమైకాకి తీసుకెళ్లాడు. సముద్రం మీద 81 రోజులు. రోజుకి ఇంత వెనకబడుతుందని ముందే చెప్పిన లెక్క తీసేస్తే, వచ్చిన తేడా 5 సెకన్లు. ఇక్కడొక మాట గమనించండి. గడియారం రోజూ కొంచెం వెనకబడితే నష్టం లేదు, రోజూ ఒకేలా వెనకబడితే చాలు. ఒకేలా ఉండే తేడాని లెక్క కట్టి తీసేయొచ్చు.

బిల్లు పాస్ కాలేదు

తర్వాత జరిగింది మన సైట్ల మీద పనిచేసినవాళ్లకి కొత్తగా అనిపించదు. ఒక్కసారి కుదిరితే అదృష్టం కావచ్చు, మళ్లీ పరీక్ష అన్నారు. 1764లో బార్బడోస్ ప్రయాణం జరిగింది, 47 రోజుల్లో 39 సెకన్ల తేడా. కావాల్సినదానికంటే మూడు రెట్లు మంచిది. అప్పుడు కొత్త షరతు వచ్చింది. గడియారం విప్పి ప్రతి ముక్కా వివరించు, సగం డబ్బు ఇస్తాం, ఇంకొకరు దాన్ని చూసి చేయగలిగితేనే మిగతాది అన్నారు. మన భాషలో మెథడ్ స్టేట్‌మెంట్ అడిగారు, రిటెన్షన్ ఆపారు.

ఇందులో రెండు వైపులా చూడాలి. ప్రజల డబ్బు ఇచ్చేటప్పుడు, ఒక్క మనిషి చేతిలో మాత్రమే ఉన్న పని దేశానికి ఎంత ఉపయోగం అని బోర్డు అడగడం తప్పు కాదు. ఆ మనిషి పోతే పని కూడా పోతుంది. కానీ చట్టంలో లేని షరతుని పని అయ్యాక కలపడం న్యాయం కాదు. దానికి తోడు బోర్డులో ఉన్న ఖగోళ శాస్త్రవేత్త నెవిల్ మాస్కెలిన్ చంద్రుణ్ని చూసి లెక్క కట్టే పద్ధతి పక్షాన ఉన్నవాడు. గడియారాన్ని పరీక్షించే పని కూడా ఆయన చేతికే వెళ్లింది.

హారిసన్ గడియారం విప్పి చూపించాడు. లార్కమ్ కెండాల్ అనే పనివాడు అచ్చం అలాంటిదే చేశాడు. కెప్టెన్ కుక్ 1772లో రెండో ప్రయాణానికి ఆ నకలునే తీసుకెళ్లి మెచ్చుకున్నాడు. హారిసన్ మిగతా డబ్బు మాత్రం రాలేదు. చివరికి రాజు మూడో జార్జ్ దగ్గరికి విన్నపం వెళ్లింది. రాజు హారిసన్ ఐదో గడియారాన్ని తన అబ్జర్వేటరీలోనే పరీక్షించాడు. 1773లో పార్లమెంటు 8,750 పౌండ్లు ఇచ్చింది. అప్పటికి హారిసన్‌కి 80 ఏళ్లు. 1776లో, తన పుట్టినరోజు నాడే చనిపోయాడు.

కాగితం మీద పెట్టకపోతే

ఈ మొత్తం కథలో నాకు ఎక్కువ పట్టేది ఒకటుంది. 1775లో, చనిపోయే ముందు ఏడాది, హారిసన్ తన పని గురించి ఒక పుస్తకం అచ్చు వేయించాడు. అందులో వాక్యాలు ఎంత మెలికలు తిరిగి ఉంటాయంటే, పండితులే చదవలేక తలలు పట్టుకున్నారు. లోలకం గడియారం గురించి ఆయన చెప్పిన గొప్ప సంగతులని చాలాకాలం ఎవరూ లెక్కచేయలేదు. చేతిలో అంత పనితనం ఉన్నవాడు, ఇంకొకరి నోట్సు అంత శ్రద్ధగా రాసుకున్నవాడు, తన పనిని అర్థమయ్యేలా రాయలేకపోయాడు.

మా సైట్‌లో ఒక షట్టరింగ్ కార్పెంటర్ తమ్ముడు ఉన్నాడు. టేపుతో మూడు, నాలుగు, ఐదు కొలిచి మూలమట్టం నిమిషంలో పెట్టేస్తాడు. ఎంత పెద్ద రూమైనా తేడా రాదు. ఫోర్‌మన్ పోస్టుకి పిలిచినప్పుడు అది ఎందుకు కుదురుతుందో చెప్పమన్నారు. మూడు మూళ్లు తొమ్మిది, నాలుగు నాళ్లు పదహారు, కలిపితే ఐదైదులు ఇరవై ఐదు, అంతే సంగతి. కానీ ఎవరూ అతనికి అది చెప్పలేదు. పోస్టు ఇంకొకరికి పోయింది. పనిలో తక్కువై కాదు. ఇప్పుడు అతను రోజూ పడుకునే ముందు ఒక పేజీ రాస్తున్నాడు: ఇవాళ ఏం కొలిచాను, ఎంత తేడా వచ్చింది, ఎందుకు.

కొత్తగా ఏదైనా చేయాలనుకునేవాళ్లు, గడియారమే కానక్కర్లేదు, ఈ మూడూ చేయండి. మంచి నోట్సు దొరికితే మీ చేత్తో తిరిగి రాసుకోండి, ఫోటో తీసి వదిలేయొద్దు. మీకు చేతనైన మెటీరియల్‌తోనే మొదలుపెట్టండి. మీ పనిని మీకంటే పెద్ద కొలతతో పోల్చి తేడా రాసుకోండి, హారిసన్ నక్షత్రంతో పోల్చుకున్నట్టు.

యూకేలో ఉన్న మనవాళ్లకి ఒక మాట. 1713 నాటి ఆ కొయ్య గడియారం లండన్ సైన్స్ మ్యూజియంలో, గడియారాల గ్యాలరీలో ఉంది. లోపలికి వెళ్లడానికి టికెట్ డబ్బు లేదు. సముద్రపు గడియారాలు గ్రీనిచ్ అబ్జర్వేటరీలో ఉన్నాయి, దానికి టికెట్ ఉంది. వెళ్లినవాళ్లు ఆ కొయ్య పళ్లలో నార ఎటు పోతుందో దగ్గరగా చూసి నాకు రాయండి. మనలో చెక్క పని చేసేవాళ్లకి అది చదివి వినిపిస్తా.